సలలిత రాగం అందరికీ తెలుసు, సుసర్ల దక్షిణామూర్తి ఎందరికి తెలుసు?

ఇవాళ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క మనిషి గురించి. కొంచెం పొడుగు ఉంటుంది. ఇయర్‌ఫోన్స్ దగ్గర పెట్టుకోండి, మధ్యలో రెండు మూడు చోట్ల ఆపి పాట వినమంటాను. వీడియో చూడకుండా ఇక్కడ చదువుతున్నవాళ్లు కూడా అక్కడ ఆగి వినండి, లేకపోతే సగం విషయం పోతుంది.

ముందు చిన్న పరీక్ష. ‘నర్తనశాల’ సినిమా పేరు చెప్పగానే ఎవరు గుర్తొస్తారు? బృహన్నలగా ఎన్టీఆర్, కీచకుడిగా ఎస్వీఆర్, సైరంధ్రిగా సావిత్రి. పాటలు ఎవరివి అంటే? ఘంటసాల, సుశీల, జానకి, బాలమురళీకృష్ణ. సరే, ఆ పాటలకి సంగీతం ఎవరు? కామెంట్లలో నేను ఈ ప్రశ్న పోయిన వారం పెట్టాను. ఎక్కువమంది ఘంటసాల అన్నారు. కొందరు సాలూరి రాజేశ్వరరావు అన్నారు. పెండ్యాల అన్నవాళ్లూ ఉన్నారు. కరెక్టుగా చెప్పినవాళ్లు చాలా తక్కువ, వాళ్లలోనూ ఒకరిద్దరు “మా తాతయ్యని అడిగి చెప్తున్నా” అని రాశారు.

జవాబు సుసర్ల దక్షిణామూర్తి. మన దివిసీమ మనిషి. పెదకళ్ళేపల్లిలో 1921లో పుట్టారు.

ఈ పేరు పట్టుకుని నేను ఒక మ్యూజిక్ యాప్‌లో వెతికాను. పేరు ఏమో మీరు అడగొద్దు, నేను చెప్పను. సెర్చ్‌లో ‘దక్షిణామూర్తి’ అని కొట్టగానే ఒక ఆర్టిస్టు పేజీ వచ్చింది. ఫొటోలో విభూతి పెట్టుకున్న ఒక పెద్దాయన. కింద పాటల లిస్టులో మలయాళం పాటలు, వాటి మధ్యలో మన తెలుగు పాటలు, అక్కడక్కడా తమిళం. ఆ ఫొటోలో ఉన్నాయన వి. దక్షిణామూర్తి గారు, కేరళలో మహా సంగీత దర్శకుడు, 1919లో పుట్టి 2013 దాకా ఉన్నారు. ఆయన గొప్పాయనే, ఆ మాటలో తేడా లేదు. కానీ ఆయన వేరు, మనాయన వేరు. డేటాబేస్‌కి మాత్రం ఇద్దరూ ఒకటైపోయారు. ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి, ఇలాంటిది చూస్తే చెయ్యి ఊరుకోదు. డూప్లికేట్ రికార్డులు కలిపేటప్పుడు ఎవరో ఇంటిపేరు చూడలేదు, ఇంతే జరిగింది. ఒక జాయిన్ తప్పు రాస్తే ఒక మనిషి జీవితం వెళ్లి ఇంకో మనిషి ఖాతాలో పడుతుందన్నమాట.

దీంట్లో ఇంకో తమాషా ఉంది. దక్షిణామూర్తులు ఇద్దరు కాదు, ముగ్గురు. ఆ మూడో ఆయన గురించి చెప్తే తప్ప మన కథ మొదలవ్వదు.

మా ఊరు తోట్లవల్లూరు అని రెగ్యులర్‌గా చూసేవాళ్లకి తెలుసు. కృష్ణ ఒడ్డున ఉంటాం. ఊరి నుంచి కరకట్ట ఎక్కి, నదిని కుడిచేతి పక్కన పెట్టుకుని కిందికి వెళ్తూ ఉంటే శ్రీకాకుళం వస్తుంది. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న మన శ్రీకాకుళం. ఇంకా కిందికి పోతే మోపిదేవి, ఆ పక్కనే పెదకళ్ళేపల్లి. నాగేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు, దక్షిణ కాశి అంటారు. వేటూరి సుందరరామ్మూర్తి గారిది కూడా ఆ ఊరే. బైక్ మీద వెళ్తే ఒక్క పూటలో ఇవన్నీ చూసి రావొచ్చు. రోడ్డు మాత్రం కొన్నిచోట్ల నడుం విరగ్గొడుతుంది, ముందే చెప్తున్నా.

ఇప్పుడు ఈ దారి వెంబడే ఒక గురుపరంపర నడిచింది. త్యాగరాజస్వామి 1847లో పోయారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు ఒకరు. ఆ వెంకటసుబ్బయ్య గారి దగ్గర నేర్చుకున్నాయన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. పెదకళ్ళేపల్లి ఆయనే. ఇదిగో, మన మూడో దక్షిణామూర్తి. తంజావూరు నుంచి త్యాగరాజు పద్ధతిని కృష్ణ ఒడ్డుకి తెచ్చిన మనిషి. ఈ శాస్త్రి గారి శిష్యుడు శ్రీకాకుళానికి చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. ఆ పంతులు గారు తర్వాత విజయవాడలో ఉండి ఎంతోమందికి నేర్పారు. వాళ్లలో ఒక చిన్న పిల్లాడి పేరు మంగళంపల్లి బాలమురళీకృష్ణ.

సినిమా సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి ఆ శాస్త్రి గారి మనవడు. తాత పేరే పెట్టారు. అంటే సినిమావాళ్లకి ఈయన “ఎస్. దక్షిణామూర్తి”, కర్ణాటక సంగీతం వాళ్లకి ఆ పేరు చెప్తే తాతగారు గుర్తొస్తారు, ఇప్పుడు యాప్‌ల వాళ్లకి కేరళ ఆయన గుర్తొస్తున్నారు. పేరు పెట్టినప్పుడు ఇంత చిక్కు వస్తుందని ఆ ఇంట్లో ఎవరు మాత్రం అనుకుంటారు?

ఈయన వయొలిన్ వాయించేవారు. శుద్ధమైన సంగీతం ఇంట్లో పుట్టి మద్రాసు సినిమాకి వెళ్లారు. 1946లో ‘నారద నారది’ మొదటి సినిమా. 1950లో ‘సంసారం’ వచ్చింది, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమా అది. ఆ తర్వాత ఆయన రెండు భాషల్లో సమానంగా పనిచేశారు, ఇక్కడే మనవాళ్లకి తెలియని సగం ఉంది.

తమిళంలో ఎంజీఆర్ ‘సర్వాధికారి’, 1951. సంగీతం ఈయనే. శివాజీ గణేశన్, పద్మిని నటించిన ‘మంగైయర్ తిలకం’, 1955, ఇదీ ఈయనే. దాంట్లో ఆర్. బాలసరస్వతీదేవి పాడిన జోలపాట ఒకటి ఉంది, తమిళ ఇళ్లల్లో అమ్మమ్మలు ఇప్పటికీ పాడతారు. తర్వాత 1956 సంక్రాంతికి ‘ఆలీబాబావుమ్ 40 తిరుడర్గళుమ్’. దక్షిణాదిలో మొట్టమొదటి పూర్తి నిడివి రంగుల సినిమా. సేలం మోడరన్ థియేటర్స్ వాళ్లు తీశారు. ఎంజీఆర్, భానుమతి. ఏ.ఎం. రాజా, భానుమతి కలిసి పాడిన యుగళగీతం ‘మాసిలా ఉణ్మై కాదలే’ తమిళనాడులో ఇప్పటికీ టీ కొట్లలో వినపడుతుంది. నాతో ఆఫీసులో పనిచేసిన మదురై ఫ్రెండ్ ఒకడు, వాడికి ఈ పాట వాళ్ల నాన్న ఫేవరెట్. “దీనికి మ్యూజిక్ మా కృష్ణా జిల్లా ఆయన రా, పాడిన రాజా చిత్తూరు జిల్లా, భానుమతి ఒంగోలు దగ్గర” అన్నాను. వాడు రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి వాళ్ల నాన్నకి మెసేజ్ పెట్టాడు.

నిజం కూడా చెప్పాలి. ఆ పాట బాణీ అంతకు రెండేళ్ల ముందు వచ్చిన హిందీ ఆలీబాబా సినిమా పాట మీద కట్టినది. ఆ రోజుల్లో నిర్మాతలు హిందీ రికార్డు తెచ్చి “ఇలాంటిది కావాలి” అనడం మామూలే, అందరూ చేశారు. అందుకని ఆయన్ని ఆ పాటతో కొలవకండి. ఒకరి బాణీని తీసుకుని ఇంకో భాషలో, ఆ భాష ఒత్తులకి తగ్గట్టు కూర్చోబెట్టడం కూడా పనితనమే అనుకోండి, కానీ ఆయన సొంతం అంటే ఏంటో చూడాలంటే వేరే చోటికి వెళ్లాలి.

మొదటిది 1955, ‘సంతానం’. దీంట్లో ఒక రికార్డు ఉంది. లతా మంగేష్కర్ తెలుగులో పాడిన మొదటి పాట ఈ సినిమాలోదే. ‘నిదురపోరా తమ్ముడా’. రాసింది అనిసెట్టి సుబ్బారావు. లత అప్పటికే ‘మహల్’, ‘నాగిన్’ సినిమాలతో దేశం మొత్తానికి తెలిసిన గొంతు. తెలుగు ఒక్క ముక్క రాని ఆవిడ చేత తెలుగులో పాడించాలంటే ఎలా ఆలోచిస్తారో చూడండి. గడబిడ చేసే పాట ఇవ్వలేదు. అక్క తమ్ముణ్ణి పడుకోబెట్టే జోల ఇచ్చారు. పొడుగు పొడుగు అచ్చులు. మాట మాటకీ మధ్య ఊపిరి పీల్చుకునే జాగా. రాని భాషలో ఎవరన్నా తడబడేది ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు వరసగా వచ్చినప్పుడు. ఇక్కడ ఆ ఇబ్బంది తక్కువ. ఇప్పుడు ఆపండి, విని రండి. మన వాళ్లు పాడినట్టే ఉందా లేదా?

వచ్చారా? మా మామ్మకి ఈ పాట వినిపించి “ఎవరు పాడారో చెప్పు” అంటే, పాడింది లత అని ఠక్కున చెప్పింది. “కట్టింది ఎవరు?” అంటే, “కట్టేదేంట్రా, పాటంటే పాటే” అంది. చాలామంది ఆలోచన అక్కడే ఆగుతుంది, తప్పు పట్టడానికి ఏం లేదు.

కాబట్టి కాసేపు ఆ కాలంలో సంగీత దర్శకుడు అసలేం చేసేవాడో చెప్తాను. ఇప్పట్లా ఒక్కో వాయిద్యం విడిగా రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో అతికించడం లేదు. ముందు హార్మోనియం ముందు కూర్చుని, పాట రాసేవాళ్లతో కలిసి బాణీ కడతారు. దర్శకుడు సన్నివేశం చెప్తాడు. బాణీ ఖాయమయ్యాక ఏ వాయిద్యం ఎక్కడ రావాలో రాసుకోవాలి, గాయకులకి నేర్పాలి, ఆర్కెస్ట్రాకి రిహార్సల్ చేయించాలి. రికార్డింగ్ రోజు అందరూ ఒకే హాల్లో ఉంటారు. పాడేవాళ్లూ, వయొలిన్లూ, తబలా, వీణ, అందరూ ఒకేసారి. మూడో నిమిషంలో ఫ్లూట్ ఆయన తడబడితే మళ్లీ మొదట్నుంచి. ఎడిటింగ్‌లో చూసుకుందాం అనే మాట లేదు. ఆ తర్వాత గ్రామఫోన్ రికార్డు. 78 ఆర్‌పీఎమ్, లక్క కలిపి చేసిన డిస్కు, కింద పడితే పెంకుల్లా పగుల్తుంది. పది అంగుళాల డిస్కు ఒక పక్కకి మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. పాట పొడుగైతే కత్తిరించాలి, లేదా రెండో పక్కకి తిప్పాలి. అంటే ఇవాళ రీల్ కోసం పాటని ముప్పై సెకన్లకి కుదించే బాధ, అప్పుడు వాళ్లకి మూడు నిమిషాల లెక్కన ఉండేది.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. 1963, ‘నర్తనశాల’.

ఈ సినిమా టైటిల్స్ ఒకసారి మన డెల్టా మ్యాప్ పక్కన పెట్టి చూడండి. ఎన్టీఆర్ది నిమ్మకూరు. ఘంటసాల గుడివాడ దగ్గర చౌటపల్లి. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు బందరు. ఎస్వీఆర్ నూజివీడు. పాటలూ మాటలూ రాసిన సముద్రాల సీనియర్ది నదికి అవతలి ఒడ్డు, రేపల్లె వైపు. సంగీతం పెదకళ్ళేపల్లి. మద్రాసులో తీశారన్న మాటే గానీ సగం సినిమా మన కాలవ గట్ల మీద పెరిగినవాళ్లదే. విరాటపర్వం కథ, తిక్కన పద్యాలు, కూచిపూడి నాట్యం, నాటకాల్లో పద్యం పాడే పద్ధతి, ఇవన్నీ ఈ నేల మీద అప్పటికి రోజూ వినపడేవి. సంగీత దర్శకుడు వాటన్నిటికీ ఒకే సినిమాలో చోటు చూపించాలి.

ఎలా చూపించారో చూడండి. ఘంటసాల పాడిన తిక్కన పద్యాలు ఉన్నాయి. అక్కడ వాయిద్యాలు పక్కకి జరిగి పద్యానికి దారిస్తాయి. సుశీల పాడిన ‘జననీ శివకామిని’ ఉంది, ఆపదలో ఉన్న ఆడమనిషి అమ్మవారిని పిలిచే పాట. దసరాల్లో మన ఊళ్లో మైకులో ఇది మోగకుండా ఒక్క ఏడూ గడవదు. అభిమన్యుడికీ ఉత్తరకీ ప్రేమ పాట ఉంది, ఘంటసాల, సుశీల. జానకి పాడిన ‘నరవరా ఓ కురువరా’ ఉంది, నాట్యం కోసం కట్టినది. ఇక ‘సలలిత రాగ సుధారస సారం’. దీని దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఎపిసోడ్ చేయాలన్న ఆలోచన ఈ పాట వల్లే వచ్చింది.

సందర్భం మీకు తెలుసు. అర్జునుడు బృహన్నల వేషంలో విరాటరాజు కూతురు ఉత్తరకి నాట్యం నేర్పుతున్నాడు. అంటే ఇది క్లాస్‌రూమ్ పాట. గురువు అంటాడు, శిష్యురాలు అందుకుంటుంది. పాడింది బాలమురళీకృష్ణ, బెంగళూరు లత. రాగం కల్యాణి.

కల్యాణి అంటే ఏంటో ఫోన్‌లోనే చూపిస్తా. ఏదైనా పియానో యాప్ తెరవండి. సీ నుంచి పై సీ దాకా తెల్ల మెట్లు మాత్రమే వరసగా నొక్కండి. అది శంకరాభరణం, మన లెక్కలో 29వ మేళకర్త. ఇప్పుడు నాలుగో మెట్టు, అంటే ఎఫ్, దాన్ని వదిలేసి దాని పక్కనున్న నల్ల మెట్టు నొక్కండి. మిగతావన్నీ అలాగే ఉంచండి. అదే కల్యాణి, 65వ మేళకర్త. 29కి 36 కలిపితే 65. మేళకర్తలు 72, మొదటి 36లో శుద్ధ మధ్యమం, తర్వాతి 36లో ప్రతి మధ్యమం, మిగతాదంతా అదే వరస. కోడ్ రాసేవాళ్లకి ఇది చూస్తే ముచ్చటేస్తుంది, ఒక్క బిట్ మార్చినట్టు. ఆ ఒక్క మధ్యమం మారగానే రాగం మొత్తం తల ఎత్తుకుని నిలబడినట్టు ఉంటుంది. హిందుస్తానీ వాళ్లు దీనికి దగ్గరి రాగాన్ని యమన్ అంటారు. అమెరికాలో జాజ్ అనే సంగీతం ఉంది కదా, వాళ్లు ఇదే మెట్ల వరసని లిడియన్ అంటారు. జార్జ్ రస్సెల్ అనే జాజ్ పియానిస్టు 1953లో ఆ లిడియన్‌ని ఆధారం చేసుకుని ఏకంగా ఒక సిద్ధాంత గ్రంథమే రాశాడు. మెట్లు అవే అయినా, మనవాళ్లు స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికే గమకం పియానో మీద పలకదు, అది వేరే ఎపిసోడ్.

ఇప్పుడు సంగతి. ఆ పాటకి గొంతు కావాలి. ఎన్టీఆర్‌కి అప్పటికి ఘంటసాల గొంతు అతికిపోయి ఉంది, ఇదే సినిమాలో పద్యాలు ఆయనే పాడారు. అయినా ఈ ఒక్క పాట బాలమురళి చేత పాడించారు. బాలమురళి గురువు పారుపల్లి పంతులు. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆ శాస్త్రి గారి మనవడు ఇక్కడ బాణీ కట్టి నేర్పుతున్నాడు. అంటే తన గురువుగారి గురువుగారి మనవడు కట్టిన పాటని, గురువు శిష్యురాలికి పాఠం చెప్పే సన్నివేశం కోసం, బాలమురళి పాడారు. త్యాగరాజు దగ్గర మొదలైన తీగ పెదకళ్ళేపల్లిలో రెండుగా చీలి, ఒకటి విజయవాడ కచేరీల మీదుగా, ఇంకోటి మద్రాసు సినిమా మీదుగా వెళ్లి, ఈ మూడు నిమిషాల్లో కలిసింది. టైటిల్స్‌లో ఇది ఎక్కడా రాయరు. పాట వింటే మాత్రం ఇద్దరూ ఒకే ఇంటి భాష మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఇక్కడ కూడా ఆపి వినండి. ఈసారి పల్లవిలో ఆ నల్ల మెట్టు ఎక్కడ వస్తుందో పట్టుకోండి.

పదహారేళ్ల తర్వాత, 1979లో, ఎన్టీఆర్ మళ్లీ అదే విరాటపర్వం కథని తానే దర్శకుడిగా ‘శ్రీమద్విరాటపర్వం’ అని తీశారు. అప్పటికి సంగీతం అంటే చక్రవర్తి, కేవీ మహదేవన్, రమేష్ నాయుడు, ఇళయరాజా అప్పుడే వస్తున్నాడు. ఎన్టీఆర్ అయినా సరే ఈ కథకి సుసర్లనే పిలిచారు. బాలమురళి అందులోనూ పాడారు, ‘జీవితమే కృష్ణ సంగీతము’. సినిమా ‘నర్తనశాల’ అంత ఆడలేదు, పాట నిలబడింది.

మరి ఇన్ని చేసిన మనిషి పేరు ఎందుకు మరుగున పడింది? నాకు కనపడిన కారణాలు చెప్తాను, మీరు వాదించొచ్చు.

ఆయన గాయకుడిగా జనానికి తెలిసిన మనిషి కాదు. ఘంటసాల సంగీతమూ చేశారు, పాడారు కూడా, గొంతు వింటే మనిషి గుర్తొస్తాడు. పైగా సుసర్ల పని తెలుగుకీ తమిళానికీ మధ్య పంచుకుపోయింది. తెలుగువాళ్లు సగం చూస్తారు, తమిళులు ఇంకో సగం చూస్తారు, అక్కడ ఆయన్ని తెలుగాయన అని ఎవరూ అనుకోరు. ఇది మన ఒక్కరి దగ్గరే జరిగేది కూడా కాదు. న్యూయార్క్‌లో హెర్బీ నికల్స్ అని ఒక జాజ్ పియానిస్టు ఉండేవాడు, 1919లో పుట్టాడు, దాదాపు సుసర్ల ఈడువాడే. తన సొంత రచనలు 1955, 56ల్లో బ్లూ నోట్ అనే కంపెనీకి రికార్డు చేశాడు. సరిగ్గా మన ‘సంతానం’, ‘ఆలీబాబా’ వచ్చిన రోజులు. జనం పట్టించుకోలేదు, పొట్టకూటికి తనకి ఇష్టం లేని పాతకాలం బ్యాండ్లలో వాయించాడు, 1963లో నలభై నాలుగేళ్లకే పోయాడు. ఆయన కట్టిన ఒక బాణీకి బిల్లీ హాలిడే అనే గాయని మాటలు రాసి పాడితే ప్రపంచం మొత్తం పాడుకుంది. పాట పేరు చెప్తే అందరూ హాలిడే పాట అంటారు. నికల్స్ పేరు అడిగితే తల గోక్కుంటారు. మన ‘నిదురపోరా తమ్ముడా’ లత పాట అయినట్టే.

మనకి అదనంగా ఇంకో చిక్కు, మెటాడేటా. ఒక పాట ఫైల్‌లో పాట పేరు, ఆర్టిస్టు, ఆల్బమ్, కంపోజర్ అని గడులు ఉంటాయి. స్క్రీన్ మీద పెద్దగా కనపడేది ఆర్టిస్టు గడి. మన పాత పాటలకి అక్కడ గాయకుడి పేరు వేస్తారు, కొన్నిచోట్ల హీరో పేరు కూడా వేస్తారు. కంపోజర్ గడి ఖాళీగా ఉంటే ఏ యాప్ కూడా ఎర్రర్ ఇవ్వదు. అదే అసలు ఇబ్బంది. ఎర్రర్ వస్తే ఎవరో ఒకరు సరిచేస్తారు, ఖాళీని ఎవరూ చూడరు. ఆ గడిలో ఏదో ఒకటి నింపినా ‘ఎస్. దక్షిణామూర్తి’, ‘సుసర్ల’, ‘సుసర్ల దక్షిణామూర్తి’, ‘దక్షిణామూర్తి’ అని నాలుగు రకాలుగా నింపుతారు. నాలుగూ నలుగురు మనుషులైపోతారు. రికమెండేషన్ మీకు ఒక పాట చూపించి, ఆయనదే ఇంకో పాట చూపించాలంటే ఆ నలుగురూ ఒక్కరే అని తెలియాలి కదా.

ఇది పేరు గోల మాత్రమే అనుకోకండి, డబ్బు సంగతి కూడా. 1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం చేయించుకున్న పాటకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు నిర్మాతే అని. అంటే రేడియోలో ఎన్నిసార్లు వేసినా, క్యాసెట్లు ఎన్ని అమ్ముడుపోయినా, బాణీ కట్టినాయనకి రికార్డింగ్ రోజు ఇచ్చిన పారితోషికమే. 2012లో కాపీరైట్ చట్టాన్ని మార్చారు. థియేటర్లో సినిమాతో పాటు ఆడటం కాకుండా పాటని ఇంకెలా వాడినా రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీలో సమాన వాటా, ఆ హక్కు రాసిచ్చేసినా చెల్లదు అన్నారు. పాత పాటలకి అది ఎంతవరకు పనికొస్తుందన్నది లాయర్ల తగువు. ఆ సవరణ 2012 జూన్ 21న అమల్లోకి వచ్చింది. సుసర్ల దక్షిణామూర్తి గారు అదే సంవత్సరం ఫిబ్రవరి 9న చెన్నైలో పోయారు. తొంభై ఏళ్లు. మధ్యలో నాలుగు నెలలు.

దీనికి అనుబంధంగా మీలో చాలామంది అడిగే ప్రశ్న: “అన్నా, పాత పాటలు రీల్‌లో వాడొచ్చా?” నేను లాయర్‌ని కాదు, చట్టంలో ఉన్న లెక్క చెప్తా. మన దేశంలో సౌండ్ రికార్డింగ్‌కి విడుదలైన తర్వాతి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు. ‘సంతానం’ రికార్డులకి ఆ గడువు 2015తో, ‘నర్తనశాల’ రికార్డులకి 2023తో అయిపోయింది. కానీ బాణీ వేరు, సాహిత్యం వేరు. వాటికి రాసిన మనిషి పోయాక 60 ఏళ్లు. సుసర్ల బాణీలకి 2072 చివరి దాకా అన్నమాట. కాబట్టి రికార్డు ఫ్రీ అయింది కదా అని బాణీ కూడా ఫ్రీ అనుకుని కవర్ సాంగ్ చేసి డబ్బు చేసుకుంటే ఇబ్బందే. ఇప్పుడు కంపోజర్ గడి మళ్లీ చూడండి. 2072 దాకా ఆ బాణీ మీద ఎవరికో ఒకరికి హక్కు నడుస్తూ ఉంటే, ఆ గడిలో కేరళ ఆయన పేరు ఉంటే లెక్క ఎటు పోతుంది?

అందుకని నేను ఒక షీట్ మొదలుపెట్టాను. లింక్ కింద ఉంది, ఎవరైనా చూడొచ్చు. సినిమా, సంవత్సరం, పాట, పాడినవాళ్లు, రాసినవాళ్లు, ఆధారం, ఇన్ని కాలమ్స్. ఆధారం లేకుండా ఒక్క వరస కూడా ఎక్కించను. సినిమా టైటిల్స్ స్క్రీన్‌షాట్ కావాలి, లేదా పాటల పుస్తకం, లేదా రికార్డు లేబుల్. ముందు వికీడేటాలో ఆయన పేజీకి పాటలు కలుపుదాం, అది ఎవరైనా ఎడిట్ చేయొచ్చు, చాలా సైట్లు అక్కడి నుంచే సమాచారం లాక్కుంటాయి. యాప్‌లకి రిపోర్ట్ కొట్టడం తర్వాత. ఆధారం పట్టుకుని వందమంది కొడితే వాళ్లూ కదులుతారు.

ఇక్కడ మీ సాయం కావాలి. ముఖ్యంగా దివి, మొవ్వ, చల్లపల్లి, బందరు వైపు ఉన్నవాళ్లు. మీ ఇళ్లల్లో అటక మీద పాత గ్రామఫోన్ ప్లేట్లు ఉంటే దించి చూడండి. 1977 ఉప్పెనలో దివిసీమలో ఎన్ని ఇళ్లు కొట్టుకుపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు, వాటితో పాటు పోయిన ప్లేట్లకి లెక్క లేదు. మిగిలినవాటి లేబుల్ ఫొటో తీయండి, రెండు పక్కలా. మధ్యలో లేబుల్ దగ్గర లక్క మీద చెక్కిన చిన్న నంబరు ఉంటుంది, టార్చ్ ఏటవాలుగా వేస్తే కనపడుతుంది, అది కూడా పడేలా తీయండి. తడిగుడ్డతో గట్టిగా రుద్దకండి. పాటల పుస్తకాలు, ఆ పావలా అర్ధణా కాగితాలు, అవి దొరికితే ఇంకా మంచిది, మొదటి పేజీలో సంగీతం ఎవరో రాసి ఉంటుంది. మీ తాతయ్యలకీ మామ్మలకీ ఏ సినిమా ఏ టాకీస్‌లో చూశారో గుర్తుంటే అదీ రాసుకోండి.

వచ్చే ఎపిసోడ్ పెండ్యాల నాగేశ్వరరావు గారి మీద. హార్మోనియం పెట్టె మీద ‘శివశంకరీ’ ఎలా పుట్టిందో చూద్దాం, దర్బారీ కానడ మెట్లు కూడా ఫోన్‌లోనే నొక్కుదాం. షీట్‌లో ప్రస్తుతానికి ‘నర్తనశాల’ పూర్తయింది, ‘సంతానం’లో ఇంకా కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. ఉంటాను మరి.